ఫోమా, ప్రింటా, ఫైబరా: మన ఎండకూ ఉక్కకూ నిలిచే అంతరిక్ష కవచం ఏది?

సినిమాల్లోని అంతరిక్ష సైనికుడి వేషం కోసం మూడు రోజులు 3డీ ప్రింటు తీసి, రెండు వారాలు నీళ్ల కాగితంతో (వాటర్ పేపర్) రుద్ది, నాలుగు కోట్లు రంగు కొట్టిన హెల్మెట్ అది. మే నెలలో ఒక ఆదివారం అరసవల్లి దర్శనానికి వెళ్తూ కారు వెనక సీటు మీద పెట్టి అద్దాలు బిగించాం. రెండు గంటల తర్వాత వచ్చి తలుపు తీస్తే హెల్మెట్ కింది అంచు సీటు ఒంపుకు సరిపడా ఒదిగిపోయి ఉంది. ఒక పక్క దవడ లోపలికి నొక్కుకుపోయింది. చేత్తో పట్టుకుంటే ఇంకా మెత్తగానే ఉంది. ఇంటికొచ్చి వేడినీళ్లు, వేడిగాలి ఊదే హీట్ గన్ అన్నీ ప్రయత్నించాను గానీ, ఒకసారి సాగిన గీతలు మళ్లీ తిన్నగా రాలేదు.

ఆ హెల్మెట్‌ని పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేశాను. ప్లాస్టిక్‌ని కరిగించి పొర మీద పొర పేర్చి వస్తువు చేసే 3డీ ప్రింటర్ ఇంట్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది వాడేది అదే. సుమారు 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడటం మొదలవుతుంది. బయట 38 డిగ్రీలున్న రోజు ఎండలో మూసిపెట్టిన కారులో అంత వేడి రావడం మామూలే. నేను చూసి నేర్చుకున్న వీడియోలన్నీ చలిదేశాల వాళ్లవి. వాళ్లు చెప్పే పోలికలు తప్పు కావు. కానీ వాళ్లకు ఎండ, ఉక్క, అక్టోబరు తుఫాను, కరెంటు కోతలు లెక్కలోకి రావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కవచం చేసేవాళ్లకు మొదటి లెక్కే అది.

అందుకే ఏ పదార్థంతో చేయాలని ఎవరైనా అడిగితే నేను ముందు మూడు సంగతులు అడుగుతాను. ఎక్కడ తొడుక్కుంటారు? ఎంతసేపు? ఎలా తీసుకెళ్తారు? అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే హెల్మెట్ వేరు. కాలేజీ ఫెస్ట్‌లో పది నిమిషాలు స్టేజీ ఎక్కే కవచం వేరు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, కామిక్స్, సినిమా అభిమానులు వేషాలు వేసుకొచ్చే హైదరాబాద్ కామిక్ కాన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగాల్సిన కవచం మరీ వేరు. ఈ మూడింటికీ ఒకే జవాబు లేదు.

ఫోమ్

మొదటిసారి చేసేవాళ్లకు ఒంటి కవచం వరకు ఈవీఏ ఫోమ్‌ని మించింది లేదని నా గట్టి నమ్మకం. ఈ పేరు వినలేదనుకునే వాళ్లు కూడా దీని మీద నడిచే ఉంటారు. చాలా రకాల చెప్పుల అట్టలు, చిన్నపిల్లల గదిలో పజిల్ ముక్కల్లా పరిచే మ్యాట్లు దీంతో చేసినవే. కత్తికి తెగుతుంది, వేడి చేస్తే వంగుతుంది, చల్లారితే ఆ వంపులోనే నిలబడుతుంది. బరువు ఉండదు. కింద పడితే పగలదు.

నేను మొదటిసారి చెప్పుల సామాను అమ్మే కొట్టుకు వెళ్లి ఒకేసారి ఎనిమిది షీట్లు అడిగాను. కొట్టు పెద్దాయన ఆశ్చర్యంగా చూసి, “ఏటి బావూ, ఇన్ని షీట్లేటికి? కొట్టెడతన్నావేటి?” అన్నాడు. ఛాతీకి, వీపుకి, కాళ్లకు కవచం చేసుకుంటానని చెప్తే రెండు రకాల షీట్లు తీసి బల్ల మీద పరిచాడు. ఒకదాన్ని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి వదిలాడు. గోరు గుర్తు అలాగే ఉండిపోయింది. రెండోదాన్ని నొక్కి వదిలితే కాసేపటికి గుంట దానంతటదే పైకి లేచింది. “ఇదిగో, ఇది లెగిసింది కదా, ఇది తీసుకో. ఆ మొదటిది వొద్దు, నాలుగు రోజులకే నలిగిపోద్ది” అన్నాడు. ఫోమ్ సాంద్రత గురించి నేను చదివిన పేజీలన్నిటికంటే ఆ గోటి పరీక్షే ఎక్కువ ఉపయోగపడింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కూడా పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు ఒక్క షీటు తెప్పించుకుని ఇలా నొక్కి చూడండి.

మందం విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఛాతీకి, వీపుకి, భుజాలకు 10 మిల్లీమీటర్లు. మోచేతి కిందికి, పిక్కలకు 5 లేదా 6. పైన అతికించే గీతలకు, అంచులకు 2 మిల్లీమీటర్లు చాలు. ఇది స్టేషనరీ కొట్లలో క్రాఫ్ట్ ఫోమ్ పేరుతో దొరుకుతుంది.

కోయడంలో ఒక్కటే కిటుకు ఉంది. కట్టర్ బ్లేడు మొద్దుబారిందని అనుమానం వచ్చిన క్షణమే కొస విరిచేయాలి. మొద్దు బ్లేడు ఫోమ్‌ని కోయదు, చింపుతుంది. చిరిగిన అంచును జిగురు ఎంత పూసినా సరిగ్గా కలపలేం. కోసిన తర్వాత హీట్ గన్‌తో పైభాగాన్ని సమంగా వేడి చేస్తే రంధ్రాలు మూసుకుని ఉపరితలం కొంచెం మెరుస్తుంది. ఆ మెరుపు రాకుండా రంగు వేస్తే ఫోమ్ రంగునంతా తాగేస్తుంది.

జిగురు విషయంలో మాత్రం రాజీ పడకండి. తెల్ల ఫెవికాల్ అతుకులను పట్టుకోదు. వడ్రంగులు సన్‌మైకా అంటించడానికి వాడే రబ్బరు రకం, ఫెవికాల్ ఎస్ఆర్ డబ్బా, కావాలి. రెండు అంచులకూ పలచగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి. వాన రోజైతే ఇంకాసేపు పడుతుంది. తర్వాత ఒక చివర నుంచి కలుపుకుంటూ రావాలి. కలిపాక విడదీయడం కుదరదు, కాబట్టి ముందే రెండు అంచుల మీదా పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయొద్దు, ఆ వాసనకు తల తిరుగుతుంది.

ఫోమ్‌కు లోపాలు లేవని చెప్పను. సంచిలో కుక్కి ఊరెళ్తే మడత పడుతుంది. ఎండలో కారులో వదిలేస్తే వంపు ఎక్కువున్న చోట అతుకు విచ్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా హెల్మెట్‌లో పదునైన అంచులు, సన్నటి గీతలు ఫోమ్‌తో అచ్చంగా రావడం కష్టం. రెండు గజాల దూరం నుంచి బాగుంటుంది, దగ్గరికొచ్చి ఫోటో తీస్తే అతుకులు కనబడతాయి.

ప్రింటు

హెల్మెట్‌కు వచ్చేసరికి 3డీ ప్రింటు గెలుస్తుంది. రెండు పక్కలా ఒకేలా ఉండటం, కళ్ల దగ్గర అంచు పదునుగా రావడం చేత్తో సాధించాలంటే ఏళ్లు పడుతుంది. అయితే ప్రింటర్ కొనాలా, ఫైలు ఇచ్చి ప్రింటు తీయించుకోవాలా అన్నది వేరే ప్రశ్న. ఒక్క హెల్మెట్ కోసం ప్రింటర్ కొనకండి. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో, విశాఖలో ప్రింటింగ్ సర్వీసుల దగ్గర గ్రాముల లెక్కన తీసిస్తారు. పెద్దవాళ్ల హెల్మెట్ ఒకటి ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా తూగుతుందని లెక్క వేసుకుంటే ఖర్చు తెలిసిపోతుంది.

కొనే ఉద్దేశం ఉంటే బెడ్, అంటే ముక్క తయారయ్యే పళ్లెం, కొలత చూడండి. చవక ప్రింటర్లలో బాగా పేరున్న ఎండర్ 3లో 220 మిల్లీమీటర్ల చదరం, 250 ఎత్తు వస్తుంది. చాలా హెల్మెట్లు అందులో ఒకే ముక్కగా పట్టవు, కోసి అతికించాలి. 300 మిల్లీమీటర్ల బెడ్ ఉంటే ఒకే ముక్క వస్తుంది. కానీ ఒకే ముక్కకు నా అనుభవంలో ఒక ప్రమాదం ఉంది. పాత తరం ప్రింటరైతే హెల్మెట్‌కు నలభై గంటలు దాటుతుంది. వానాకాలంలో మా వీధిలో నలభై గంటలు వరసగా కరెంటు ఉండటం నేను చూడలేదు. కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచి మొదలుపెట్టే సదుపాయం ప్రింటర్లలో ఉంటుంది గానీ, ఈలోపు బెడ్ చల్లారి ముక్క ఊడివస్తే ఆ సదుపాయం దేనికీ పనికిరాదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి పది గంటల్లో అయ్యేలా తీయడమే నయం. అతుకు మీద ఎలాగూ పుట్టీ పెడతాం.

పదార్థం పీఎల్ఏనా, పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్కా? మన ఊళ్లో తొడుక్కోవడానికైతే పీఈటీజీయే. అది సుమారు 80 డిగ్రీల దాకా నిలుస్తుంది, దెబ్బ తగిలితే పగలకుండా కొంచెం సాగుతుంది. ప్రింటు తీసేటప్పుడు సన్నటి పోగులు వస్తాయి, రుద్దడం కొంచెం కష్టం, ధర ఎక్కువేమీ కాదు. ఏబీఎస్ అనే మూడో ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది గానీ చుట్టూ మూతలేని ప్రింటర్లో అంచులు లేచిపోతాయి, వాసన కూడా ఘాటు. పీఎల్ఏ బీరువాలో పెట్టుకునే హెల్మెట్లకు ఉంచండి.

ఇంకో సంగతి. ఫిలమెంట్, అంటే ప్రింటరుకు ఎక్కించే ప్లాస్టిక్ తీగ, చుట్ట గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నాగావళి పొంగే నెలల్లో చుట్టను బయట వదిలేస్తే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ దగ్గర చిటపటలు వినబడతాయి, ప్రింటు మీద బుడిపెలు వస్తాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టాలి.

ఒంటి కవచం మొత్తం ప్రింటు తీయొచ్చా అని చాలామంది అడుగుతారు. తీయొచ్చు. కానీ ఆరేడు కిలోల గట్టి ప్లాస్టిక్ వేసుకుని మెట్లెక్కడం, కూర్చోవడం, చంకల దగ్గర అంచులు కోసుకోవడం ఎలా ఉంటుందో ఒక్క పూట అనుభవించాక మళ్లీ ఫోమ్ వైపే వస్తారు.

ఫైబర్

ఫైబర్ అంటే గాజు పోగుల మ్యాట్‌కు రెసిన్ అనే చిక్కటి ద్రవం పట్టించి గట్టిపరిచింది. మన జిల్లాల వాళ్లకు ఉన్న అదృష్టం ఇక్కడుంది. కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో ఇప్పుడు ఫైబర్ తెప్పలే ఎక్కువ. వాటికి చిల్లు పడితే అతుకు వేసేవాళ్లు ఒడ్డునే ఉంటారు. రెసిన్ ఎంత, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఎంత, ఎండలో ఎంతసేపటికి గట్టిపడుతుంది అన్నది వాళ్లు చేతి లెక్కతో చెప్పగలరు. నేను ఒక మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చుని చూశాను. గ్లాస్ మ్యాట్ ముక్కను పరిచి బ్రష్షుతో రెసిన్ అద్దుతుంటే తెల్లటి మ్యాట్ క్రమంగా కనబడకుండా అద్దంలా మారిపోయింది. ఎక్కడ తెల్లగా మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. అక్కడ బ్రష్షు కొసతో పొడుస్తూ గాలిని బయటికి తోసేయాలి. ఆ గాలి బుడగ ఉన్న చోటే రేపు పగులుతుంది.

ఫైబర్ హెల్మెట్ గట్టిదనంలో అన్నిటికంటే ముందుంటుంది, కారులో ఎండకు భయం లేదు. ఒకసారి అచ్చు తయారైతే అదే అచ్చులో నలుగురు స్నేహితులకు నాలుగు తీయొచ్చు. కానీ ఒక్కటే కావాలనుకునే వాళ్లకు అచ్చు చేసే శ్రమ దండగ. అన్నిటికీ మించి ఇది జాగ్రత్త తెలిసినవాళ్ల పని. రెసిన్‌లో హార్డనర్ మామూలుగా నూటికి ఒకటి, రెండు పాళ్లే. మే నెల మధ్యాహ్నం రెండు పాళ్లు వేస్తే బ్రష్షు ముంచేలోపు గిన్నెలోనే గడ్డకట్టి పొగలు వస్తాయి. పొద్దున్నే తక్కువ పాళ్లతో చేసుకోవాలి. రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్టును, హార్డనర్‌ను ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు, కాబట్టి కళ్లజోడు, చేతి తొడుగులు, రసాయన ఆవిర్లకు పనిచేసే ఫిల్టర్ మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు సరిపోదు. గట్టిపడిన ఫైబర్‌ని రుద్దేటప్పుడు వచ్చే పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురదే, అందుకే తడిపి రుద్దాలి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒంటరిగా ఈ పని చేయడం నాకు ఇష్టం లేదు.

థర్మాకోల్ మీద నేరుగా పాలిస్టర్ రెసిన్ పూస్తే థర్మాకోల్ కరిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి. వినాయక మండపాల సెట్టింగుల్లో మిగిలిన థర్మాకోల్‌తో అచ్చు చేద్దామనుకునేవాళ్లు ముందు దాని మీద పూర్తిగా టేపు చుట్టాలి.

మిగతా దారుల గురించి రెండు మాటలు చెప్తే చాలు. 3డీ బొమ్మను కాగితం ముక్కల నమూనాగా మార్చే పెపాకురా సాఫ్ట్‌వేర్‌తో మందపాటి కాగితం కోసి మడిచి, రెసిన్ పూసి హెల్మెట్ చేయడం ఖర్చులో అన్నిటికంటే తక్కువ. కానీ మన ఉక్కకు కాగితం రెసిన్ పూయకముందే వంకర తిరుగుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌లోని ముక్కలను ఫోమ్ కోతకు నమూనాగా వాడుకోవడం తెలివైన పని. వేడిచేసిన ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పరిచి గాలి లాగేసే వాక్యూమ్ ఫార్మింగ్ సినిమా వాళ్ల పద్ధతి. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో స్టార్మ్‌ట్రూపర్లు అనే సైనికుల తెల్ల కవచాలు అలా చేసినవే. వాటిని తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత నకళ్లు అమ్మితే కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ హెల్మెట్ శిల్పం కిందికి రాదు కాబట్టి ఆ దేశంలో శిల్పానికుండే కాపీరైట్ దానికి లేదని 2011లో తీర్పు వచ్చింది. అది ఆ దేశపు చట్టం. ఇక్కడ మనకోసం ఒకటి చేసుకుని తొడుక్కోవడానికీ, చేసి అమ్మడానికీ చాలా తేడా ఉంది. అమ్మే ఆలోచన ఉంటే ముందు లాయరుతో మాట్లాడండి. ఇక రెడీమేడ్ హెల్మెట్ కొనడం తప్పేమీ కాదు. ఒళ్లంతా ఫోమ్‌తో చేసుకుని హెల్మెట్ ఒక్కటీ కొన్నవాళ్లు నాకు తెలుసు. అయితే చాలావరకు విదేశీ తల కొలతలతో వస్తాయి, వదులుగా ఊగుతుంటాయి. లోపల ఫోమ్ ముక్కలు అతికించుకోవాలి.

రంగు

ఏ పదార్థం ఎంచుకున్నా రంగు దగ్గర మన వాతావరణం మళ్లీ అడ్డం పడుతుంది. గాల్లో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే కొడితే రంగు ఆరేటప్పుడు పైన తెల్లటి పొర కడుతుంది. నల్ల హెల్మెట్ బూడిద పూసినట్టు అయిపోతుంది. తుఫాను ముసురు పట్టిన రోజుల్లో డబ్బా ముట్టుకోవద్దు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా, పొద్దెక్కి మంచు ఆరాక, పది నుంచి రెండింటి మధ్య కొట్టిన రంగు ఎప్పుడూ నన్ను మోసం చేయలేదు.

ప్రింటుకు, ఫైబర్‌కు బైకుల డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు వాళ్ల పద్ధతే సరి. పుట్టీ, రుద్దడం, సర్ఫేసర్ (రంగుకు ముందు వేసే అడుగు కోటు), మళ్లీ రుద్దడం, రంగు, పైన మెరుపుకు లాకర్ వార్నిష్. షెడ్డు మేస్త్రికి డబ్బులిచ్చి చేయిస్తే మనం పది రోజులు రుద్దినదానికంటే నునుపుగా వస్తుంది, అందులో నామోషీ ఏమీ లేదు. ఫోమ్‌కు మాత్రం ఆ రంగు వాడకండి, వంగిన ప్రతిచోటా పెచ్చులు లేస్తుంది. నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ నాలుగు కోట్లు పూసి, ఒక్కోటీ ఆరనిచ్చి, దాని మీద అక్రిలిక్ రంగు వేయాలి.

తొడుక్కునేటప్పుడు

ఎంపికలో ఎక్కువమంది మరచిపోయేది లోపలున్న మనిషిని. ఫోమ్ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పీఈటీజీ అయినా, ఫైబర్ అయినా హెల్మెట్ లోపల ఊపిరి తిరుగుతూ ఉంటుంది. ఐదు వోల్టుల చిన్న ఫ్యాను, నడుముకు పవర్ బ్యాంకు పెట్టుకోండి. ఫ్యాను ఒక్కటే సరిపోదు, గాలి లోపలికి రావడానికి గడ్డం కింద దారి, పోవడానికి తల వెనక దారి రెండూ ఉండాలి. ఫైబర్‌లో ఈ రంధ్రాలు తర్వాత కోయడం కష్టం, ప్రింటులో ఫైలులోనే పెట్టుకోవచ్చు. ప్రింటుకు నేను ఓటేయడానికి ఇదొక కారణం. కంటి అద్దానికి బైకు హెల్మెట్‌కు వచ్చే పొగరంగు వైజర్‌ని కోసి వాడితే చాలు. వెల్డింగ్ అద్దం వద్దు, గదిలోకి వెళ్తే ఏమీ కనబడదు.

కవచాన్ని ఒంటికి కట్టే విషయంలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లను చూసి నేను నేర్చుకున్నాను. రేకు తప్పెటను గుండెకు ఎంత బిగువుగా కట్టుకుంటారంటే, ఎగిరినా, తిరిగినా, ఒకరి మీద ఒకరు ఎక్కినా అది జారదు. వేలాడే కవచం చిన్నదైనా బరువనిపిస్తుంది, ఒంటికి అంటుకున్నది పెద్దదైనా తేలికనిపిస్తుంది. స్కూలు బ్యాగులు బాగుచేసే కొట్టులో నైలాన్ పట్టీలు, బకిల్సు, టిచ్ బటన్లు అన్నీ దొరుకుతాయి. ఛాతీ, వీపు ముక్కలను భుజాల మీద పట్టీలతో, పక్కల ఎలాస్టిక్‌తో కలపండి. లోపల కాటన్ బనియన్ వేసుకోండి.

ఇరవై, పాతిక నిమిషాలకోసారి హెల్మెట్ తీసి మజ్జిగో, ఉప్పు వేసిన నిమ్మరసమో తాగాలి. పక్క చూపు ఉండదు కాబట్టి వెంట ఒక మనిషి ఉండాల్సిందే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజు కవచం వేసుకుని తిరగాలని మా మేనల్లుడు చాలా ముచ్చటపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. ఆ జనంలో పక్కకు చూడలేని మనిషి తనకూ ప్రమాదమే, పక్కనున్న పిల్లలకూ ప్రమాదమే. విజయనగరం ఉత్సవాల వేదిక మీదకి అనుమతి తీసుకుని ఎక్కితే సరిపోతుంది.

ఇప్పుడు ఎవరికి ఏది అన్నది చెప్తాను. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు మొదటిసారి చేస్తుంటే ఒళ్లూ హెల్మెట్టూ అంతా ఫోమే. నాలుగైదు వేలల్లో అయిపోతుంది, తప్పు పోయినా ఒక షీటే పోతుంది. రెండోసారి చేసేవాళ్లు, ఫోటోలు దగ్గర నుంచి తీయించుకోవాలనుకునేవాళ్లు పీఈటీజీ హెల్మెట్, ఫోమ్ ఒళ్లు. నలుగురైదుగురు కలిసి ఒకే దళంగా వెళ్లాలనుకుంటే, వాళ్లలో ఒకరికైనా రెసిన్ పని తెలిసి ఉంటే ఫైబర్. రైల్లో వెళ్లేవాళ్లు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా ముందే డిజైన్ చేసుకోండి. ఛాతీ ముక్కలో పిక్కల ముక్కలు, వాటి మధ్య పాత చీరల్లో చుట్టిన హెల్మెట్ పెడితే బెర్త్ కింద పట్టేస్తుంది. నాది అలాగే సికింద్రాబాద్ దాకా వెళ్లి గీత పడకుండా తిరిగొచ్చింది.

ఏది ఎంచుకున్నా, అసలు షీటు కోసే ముందు కిరాణా కొట్టు అట్టపెట్టెలతో ఒకసారి కవచం మొత్తం చేసి టేపుతో ఒంటికి కట్టుకోండి. కుర్చీలో కూర్చోండి, మెట్లు ఎక్కి దిగండి, చేతులు పైకెత్తండి, కింద పడిన తాళంచెవి వంగి తీయండి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ పెన్నుతో గుండ్రంగా గీసుకుని, కోత మొదలుపెట్టేది ఆ తర్వాతే.